పాత బండికి కొత్త రేడియేటరు

డాక్టర్లు వ్యాసం రాస్తే రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో ఉంటుందని పాఠకులు అనుకోవడం సహజం. ఈసారి అవేవీ కావు, మా కారు గురించి రాస్తున్నాము. మన సంఘంలో పాత కారుతో మొదలుకాని సంసారం అరుదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో చేతికి అందేది అదే. కొన్నాళ్లు నడిపి, మన తరువాత వచ్చేవారికి తాళాలు ఇచ్చి వెళతాము. మా 2003 కామ్రీ మాకు అలాగే వచ్చింది. మాకంటె ముందు రెండు తెలుగు సంసారాలను మోసింది. మా చేతికి వచ్చేసరికి 1,84,000 మైళ్లు తిరిగింది.

మాకు అమ్మిన ఆయన పెద్దమనిషి. "తమ్ముడూ, రేడియేటరు పుట్టినప్పటిది. ఎప్పుడైనా పోవచ్చు, చూసుకో" అని చెప్పి, అడగకుండానే 200 డాలర్లు తగ్గించాడు. అన్నట్టే ఏడాది తిరక్కుండా అది పోయింది. కొత్తది వేయించాము. పదిహేను నెలలకు అదీ పోయింది. మళ్లీ వేయించాము. మొదటిసారి ఎలా కొనకూడదో అలా కొన్నాము. రెండోసారి నలుగురినీ అడిగి, తెలుసుకుని కొన్నాము. ఆ తేడా రాస్తే ఇంకెవరికైనా పనికివస్తుందని ఈ ప్రయత్నం.

ఎం-14 మీద

సంక్రాంతి వెళ్లిన ఆదివారం. నోవై వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి ఆన్ ఆర్బరు తిరిగి వస్తున్నాము. కారులో మేమిద్దరం, మూడు నెలల పాప, పురుటికి వచ్చిన అత్తగారూ మామగారూ. బయట 12 డిగ్రీల ఫారన్‌హీటు చలి. ప్లిమత్ దాటిన కాసేపటికి హీటరులోంచి వచ్చే గాలి గోరువెచ్చనయింది, తరువాత పూర్తిగా చల్లబడింది. హీటరు చెడిపోయింది కాబోలనుకుని, పాప మీద ఇంకో దుప్పటి కప్పి ముందుకే పోయాము. అదే మా తప్పు. రెండు మూడు మైళ్లు పోయేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు లేచింది. కారులో తియ్యటి వాసన వేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. పక్కకు తీసి ఇంజను ఆపేశాము.

మామగారు ముప్పై ఏళ్లు అంబాసిడరు నడిపిన మనిషి. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బండి మరిగితే ఏం చేయాలో ఆయనకు కొట్టిన పిండి. మేము ఫోనులో టో ట్రక్కు కోసం వెతుకుతుండగానే దిగి, బానెట్ ఎత్తి, "అల్లుడుగారూ, గుడ్డ ఏదైనా ఉంటే ఇవ్వండి. నీళ్ల సీసా కూడా. ఐదు నిమిషాల పని" అన్నారు. పాప తువ్వాలు అప్పటికే ఆయన చేతిలో ఉంది. చేయి మూత మీదికి పోతోంది. మేము పరుగెత్తి చేయి పట్టుకుని వెనక్కు లాగాము. అంత పెద్దాయన చేయి అలా లాగడం మర్యాద కాదు. ఆయన చిన్నబుచ్చుకున్నారు కూడా. కాని ఎమర్జెన్సీ వార్డులో మేము అలా మూత తీసి ముఖమూ మెడా చేతులూ కాల్చుకున్నవారికి కట్లు కట్టాము. ఆ మాట ఆయనకు ఇంటికి వచ్చాక నెమ్మదిగా చెప్పుకున్నాము.

గుడి నుంచే వస్తున్న ఒక గుజరాతీ కుటుంబం ఆగి, పాపనూ ఆడవాళ్లనూ తమ వానులో ఇంటికి చేర్చారు. మామగారూ మేమూ టో ట్రక్కు వచ్చేదాకా యాభై నిమిషాలు ఆ చలిలో నిలబడ్డాము. ఆ యాభై నిమిషాల్లో వచ్చిన ఆలోచనలే ఈ వ్యాసానికి మూలం.

రేడియేటరు చేసే పని

పెట్రోలు కాలితే పుట్టే శక్తిలో చక్రాలకు చేరేది కొంతే. సుమారు మూడో వంతు పొగతో పోతుంది. ఇంకో మూడో వంతు దాకా ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు మోసుకుపోవాలి. దాన్ని గాలికి అప్పజెప్పేదే రేడియేటరు. మనిషి ఒంట్లో వేడిని రక్తం చర్మం దాకా తెచ్చి బయటికి వదిలినట్టే.

1900 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాహ్ మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ బండికి తేనెపట్టులాంటి రేడియేటరు తయారుచేశాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన పేర్చి టంకంతో అతికించాడు. 9 లీటర్ల నీళ్లతో ఆ బండి చల్లగా నడిచింది. ఇప్పటి రేడియేటరు చూడటానికి వేరైనా సూత్రం అదే. సన్నని గొట్టాలు, వాటి మధ్య పల్చని రెక్కలు, వెనుక ఫాను.

అంబాసిడరుకూ మా కామ్రీకీ పెద్ద తేడా మూతలో ఉంది. రేడియేటరు మూత వట్టి బిరడా కాదు, స్ప్రింగు ఉన్న కవాటం. లోపలి కూలెంటును ఒత్తిడిలో ఉంచుతుంది. ఒత్తిడి ఒక పౌండు పెరిగితే మరిగే వేడి సుమారు 3 డిగ్రీల ఫారన్‌హీటు పెరుగుతుంది. నీళ్లూ యాంటీఫ్రీజూ సగం సగం కలిపితే మామూలుగా 223 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 15 పౌండ్ల మూత కింద 265 దాకా మరగదు. అంటే మరగవలసిన వేడిని మించి కూడా నెమ్మదిగా కూర్చుని ఉంటుంది. మూత తిప్పి ఒత్తిడి తీసేసిన క్షణంలో అదంతా ఒక్కసారిగా ఆవిరై మీదికి లేస్తుంది. తడిగుడ్డ దాన్ని ఆపలేదు. ఇంజను ఆపి గంట ఆగి, పై గొట్టం చేతికి చల్లగా తగిలాకే మూత మీద చేయి వేయాలి. బయట మంచు కురుస్తున్నా సరే ఇదే నియమం.

హీటరు చల్లబడటం ఎందుకంటారా? హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. అదే కూలెంటు దానిలోనూ తిరుగుతుంది. కూలెంటు కారిపోతే దానిలో గాలి చేరి ముందు హీటరు ఆగిపోతుంది. వేడి కొలిచే పరికరం కూలెంటులో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. గాలి తగిలితే తక్కువగా కూడా చూపవచ్చు. కాబట్టి చలికాలంలో నడుస్తున్న బండిలో హీటరు హఠాత్తుగా చల్లబడితే ముల్లు లేచేదాకా ఆగవద్దు. వెంటనే పక్కకు తీసి ఆపండి. మా 2.4 లీటర్ల ఇంజనులో దిమ్మా, పై తలా రెండూ అల్యూమినియమే. మరిగిన ఇంజనును ఇంకో నాలుగు మైళ్లు తోలితే తల వంకరపోయి గాస్కెట్ పోతుంది. అప్పుడు రేడియేటరు ఖర్చు లెక్కలోకే రాదు. ఇంత పాత కారును ఏకంగా తుక్కుకే ఇచ్చేయవలసి వస్తుంది.

పోయింది ఏది, ఎందుకు పోయింది

టో ట్రక్కు మమ్మల్ని దింపిన షాపు లెబనాను నుంచి వచ్చిన ఒక ముసలి మెకానిక్కుది. "రేడియేటరు పోయింది, మార్చండి" అన్నాము. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "మీరు డాక్టరు కదా. పేషెంటు వచ్చి నాకు ఫలానా మందు రాయండి అంటే రాసేస్తారా?" అన్నాడు. మాకు సిగ్గేసింది. మొదటిసారి మేము చేసింది సరిగ్గా అదే. నేల మీద చుక్కలు చూశాము, చవకైనది తెప్పించాము, బిగింపించాము. ఎందుకు పోయిందో ఎవరినీ అడగలేదు.

ఆయన చేసిన పరీక్షలు ఇవి. ఇంజను చల్లబడ్డాక మూత స్థానంలో చేతి పంపు బిగించి ఒత్తిడి పెట్టాడు. ఎక్కడ కారుతున్నదీ అప్పుడు కనిపిస్తుంది. అదే పంపుతో మూతను కూడా విడిగా పరీక్షించాడు. కొన్ని డాలర్ల మూత పాడై, మంచి రేడియేటరు మీద నింద పడటం ఆయన చాలాసార్లు చూశాడట. తరువాత నీలం రంగు ద్రవం ఉన్న గొట్టంతో రేడియేటరు నోటి దగ్గరి గాలిని పీల్చాడు. ఇంజనులో కాలిన వాయువు కూలెంటులోకి వస్తుంటే ఆ నీలం పసుపు పచ్చగా మారుతుంది. అంటే గాస్కెట్ పోయినట్టు. మాకు నీలం నీలంగానే ఉంది. మా ప్రాణం కుదుటపడింది. ఫాన్లు తిరుగుతున్నాయా, వాటరు పంపు కింద తడి ఉందా, గొట్టాలు ఉబ్బాయా అన్నవి కూడా చూశాడు. ఇవన్నీ అయ్యాకే రేడియేటరు మార్చాలని తేల్చాడు.

పోయిన చోటు కూడా చూపించాడు. ఇప్పటి రేడియేటర్లలో నడుమ భాగం అల్యూమినియం, పైనా కిందా ఉండే టాంకులు ప్లాస్టిక్కు. రెంటి మధ్య రబ్బరు పట్టీ పెట్టి, అల్యూమినియం అంచును పళ్లలా మడిచి నొక్కుతారు. మా చవక రేడియేటరులో ఆ మడతలు ఒక పక్క సరిగా పట్టలేదు. ఫాను చట్రం బిగించే చెవులు కూడా సరైన చోట లేక, మొదటి షాపువారు ప్లాస్టిక్కు పట్టీలతో కట్టేశారు. బండి అదిరినప్పుడల్లా ఫాను బరువంతా టాంకును లాగింది. పదిహేను నెలలకు అంచు విడిపోయింది.

పుట్టినప్పుడు వచ్చిన రేడియేటరు చావు వేరు. అది వయసు మీద పోయింది. ప్లాస్టిక్కు ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి, నల్లని టాంకు గోధుమరంగుకు తిరిగి, పై గొట్టం దగ్గర బీటలు వారింది. మీ పాత కారు బానెట్ ఎత్తి ఒకసారి చూడండి. టాంకు రంగు మారి ఉంటే, గొట్టం మొదట్లో తెల్లగా గాని ఎర్రగా గాని ఎండిన మరకలు ఉంటే, అది మీకు ముందస్తు హెచ్చరిక. రోడ్డు మీద ఆగకముందే మార్చుకోవడానికి వ్యవధి ఉన్నట్టు.

అంగట్లో దొరికేవి

మామగారు అడిగిన మొదటి ప్రశ్న, "టంకం వేయించకూడదా?" అని. విజయవాడ ఆటోనగర్లో ఆయన అంబాసిడరు రేడియేటరుకు ఎన్నిసార్లు మాట్లు వేయించారో లెక్కలేదు. అది రాగి, ఇత్తడి. టంకం పట్టుకుంటుంది. పగిలిన ప్లాస్టిక్కుకు టంకం లేదు. జిగురు పెట్టి అతికితే ఇంటిదాకా వస్తుందేమో, దాన్ని నమ్మి హైవే ఎక్కకూడదు. లారీవాళ్లు పసుపు వేస్తారని కూడా గుర్తుచేశారు. ఇక్కడ సీసాల్లో అమ్మే లీకు మందు పని కూడా అలాంటిదే. కన్నాన్ని పూడ్చేదే సన్నని హీటరు గొట్టాలను కూడా పూడుస్తుంది. మిషిగన్‌లో హీటరు పోగొట్టుకుని కారు నడపలేము.

రాగి మంచిదా, అల్యూమినియం మంచిదా అన్నది తరచు వినిపించే ప్రశ్న. వేడిని మోయడంలో రాగి అల్యూమినియం కంటె ఒకటిన్నర రెట్లకు పైగా మెరుగు. కాని రాగి మూడు రెట్లకు మించి బరువు, ధర ఎక్కువ, పైగా గొట్టానికీ రెక్కకూ మధ్య ఉన్న టంకం వేడిని అంత బాగా పోనివ్వదు. అల్యూమినియంలో వెడల్పైన గొట్టాలు చేయవచ్చు, రెక్కలను నేరుగా అతికించవచ్చు. అందుకే 1970లలో యూరపులో మొదలైన మార్పు తరువాత ప్రపంచమంతా పాకింది. మీ కారు అల్యూమినియంతో పుట్టి ఉంటే అల్యూమినియమే వేయండి. 1960ల నాటి రాగి రేడియేటరు ఉన్న బండిని ముచ్చటగా ఉంచుకున్నవారు మాత్రం టాంకులు అలాగే ఉంచి నడుమ భాగం కొత్తది కట్టించుకోవచ్చు. ఆ పని చేసే షాపులు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు.

మావంటి బండికి ఉన్న దారులు నాలుగు. ఒకటి, డీలరు దగ్గర కంపెనీ పెట్టెలో వచ్చేది. సరిపోతుందన్న సందేహం లేదు, ధరే ఎక్కువ. మాకు 400 డాలర్లకు పైన చెప్పారు. రెండు, కార్ల కంపెనీలకు భాగాలు చేసిచ్చేవారే తమ పేరుతో తమ పెట్టెలో అమ్మేది. 1949లో టయోటా నుంచి విడివడిన డెన్సో అలాంటిది. మాకు 150 అయింది. మూడు, ఊరూ పేరూ అంతగా తెలియని తయారీ. వీటిలో బాగున్నవీ ఉన్నాయి, మాకు దొరికినటువంటివీ ఉన్నాయి. మేము మొదటిసారి పెట్టింది 70 డాలర్లు. నాలుగు, తుక్కు యార్డులో పాత కారు నుంచి తీసినది. అద్దాలూ తలుపులూ అక్కడ కొనుక్కోవచ్చు గాని, ఇరవై ఏళ్ల ప్లాస్టిక్కు తీసి ఇరవై ఏళ్ల ప్లాస్టిక్కు పెట్టడంలో అర్థం లేదు. ఇవి కాక పందెపు కార్లకు వేసే పూర్తి అల్యూమినియం రేడియేటర్లున్నాయి. ఆఫీసుకూ ఆస్పత్రికీ తిరిగే బండికి వాటితో పనిలేదు.

"జీవితకాలపు హామీ" అన్న మాట చూసి మోసపోవద్దు. మా 70 డాలర్ల దానికి కూడా ఆ హామీ ఉంది. ఫోను చేస్తే ఇంకోటి పంపుతామన్నారు. అలాంటిదే ఇంకోటి! విప్పి బిగించే కూలీ, కూలెంటు, టో ట్రక్కు, ఆ చలిలో యాభై నిమిషాలు మాత్రం హామీలో లేవు.

సరిపోవాలంటే

"2003 కామ్రీకి రేడియేటరు" అని అడిగితే చాలదు. ఆ ఏడాది కామ్రీకి నాలుగు సిలిండర్ల ఇంజనూ ఉంది, ఆరు సిలిండర్ల ఇంజనూ ఉంది. నాలుగు సిలిండర్లలోనే ఆటోమేటిక్కూ మాన్యువలూ ఉన్నాయి. అద్దం కింద డాష్‌బోర్డు మీద కనిపించే 17 అక్షరాల విన్ నంబరు చెప్పి అడగండి. ఈ దేశంలో 1981 నుంచి వచ్చిన కార్లన్నిటికీ అది ఉంది. మొదటి అక్షరం జె అయితే బండి జపానులో తయారైంది. 1, 4, 5 అయితే అమెరికాలో. ఒకే పేరున్న బండికి తయారైన చోటును బట్టి కొన్ని భాగాలు మారుతుంటాయి.

ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేరుబాక్సు నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటరు టాంకులోనే దాగి ఉంటుంది. మాన్యువలు రేడియేటరులో అది ఉండదు. ఇది అన్నిటికంటె ముఖ్యం. చవక రేడియేటర్లలో ఈ గొట్టం లోపల చిల్లిపడితే కూలెంటూ గేరు నూనే కలిసిపోయి, చిక్కటి గులాబీరంగు పాలలా తయారవుతుంది. అప్పుడు పోయేది రేడియేటరు కాదు, గేరుబాక్సు.

పెట్టె విప్పగానే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడమని మెకానిక్కుకు చెప్పండి. చూడవలసినవి ఇవి: నడుమ భాగం ఎత్తు, వెడల్పు, మందం. గొట్టాలు తగిలించే మూతులు అదే వైపున, అదే లావున ఉన్నాయా. నూనె గొట్టాల మరలు సరిగా పడుతున్నాయా. ఫాను చట్రం చెవులు కలుస్తున్నాయా. కింద రబ్బరు దిమ్మల్లో కూర్చునే ముక్కులు చోటు తప్పలేదు కదా. నీళ్లు వదిలే మర వచ్చిందా. రెక్కలు వంగిపోలేదు కదా. ఒక్కటి కలవకపోయినా వెనక్కి పంపండి. "ఎలాగో సర్దేస్తాం" అనే షాపును మేము ఇక నమ్మము.

మందం ఎక్కువైతే మంచిదనుకునేవారున్నారు. అన్ని వేళలా కాదు. రేడియేటరు మందం పెరిగితే గాలి దూరడం కష్టం. ట్రాఫిక్కులో నిలబడ్డప్పుడు ఫాను ఒక్కటే గాలి లాగాలి. కంపెనీవారు ఆ ఫానుకు తగ్గట్టే లెక్కవేసి పెడతారు. అదే కొలతకు కట్టుబడి ఉండటం మేలు.

దానితోపాటు మార్చవలసినవి

ఎలాగూ కూలెంటు అంతా దింపుతారు గనుక పై గొట్టం, కింది గొట్టం, థర్మోస్టాటు, మూత మార్పించండి. విడిగా ఎప్పుడు మార్చినా మళ్లీ కూలీ. మూత మీద 0.9 అనో 1.1 అనో, 13 అనో 16 అనో అంకె ఉంటుంది. పాతదానికి ఏ అంకె ఉందో కాక, కారు పుస్తకంలో ఏది ఉందో అదే వేయండి. ఎక్కువ అంకె వేస్తే మంచిదనుకోవద్దు. ఆ అదనపు ఒత్తిడిని గొట్టాలూ టాంకులూ భరించాలి.

కూలెంటును రంగు చూసి పోయవద్దు. ఆకుపచ్చ, నారింజ, నీలం, గులాబీ అన్న రంగులకు కంపెనీలన్నిటికీ ఒకే నియమం లేదు. మా 2003 బండికి కంపెనీ పోసింది ఎరుపు, రెండేళ్లకో 30,000 మైళ్లకో మార్చవలసినది. ఎరుపు చిక్కగా వస్తుంది, సగం నీళ్లు కలపాలి. తరువాత వచ్చిన గులాబీరంగుది కలిపే వస్తుంది, దానికి మళ్లీ నీళ్లు పోయకూడదు. కలిపేటప్పుడు కుళాయి నీళ్లు కాదు, డిస్టిల్డు వాటరు. సగం సగం కలిపినది సున్నాకు 34 డిగ్రీలు కిందికి పోతేగాని గడ్డకట్టదు. చలి ఎక్కువని యాంటీఫ్రీజు ఒక్కటే నింపకండి. నీళ్లు కలపనిది 9 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది! పెళుసైన పాత బండికి అది చాలు. కూలెంటు పోశాక లోపలి గాలి పూర్తిగా పోయేదాకా ఇంజను నడిపించి, మళ్లీ నింపి, గేరు నూనె మట్టం కూడా చూపించుకోండి.

చిన్న పిల్లలున్న ఇళ్లకు

ఈ నాలుగు మాటలు డాక్టర్లుగా చెబుతున్నాము. యాంటీఫ్రీజులో ఉండే ఇథిలీన్ గ్లైకాలు తియ్యగా ఉంటుంది. 2012 చివరినుంచి ఈ దేశంలో అంగళ్లలో అమ్మేవాటికి తయారీదారులు చేదు కలుపుతున్నారు. చేదున్నా ఒక గుక్క మింగకుండా పిల్లవాణ్ణి అది ఆపుతుందన్న భరోసా లేదు. మింగిన కాసేపు మత్తుగా, తూలినట్టు ఉంటారు. తరువాత కాలేయం దాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది. చివరికి సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాలు మూత్రపిండాల్లో పేరుకుంటాయి. మొదటి గంటల్లో బాగానే ఉన్నాడనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఫోమెపిజోలు అనే విరుగుడు ఈ దేశంలో 1997 నుంచి వాడుకలో ఉంది, త్వరగా ఇస్తే మూత్రపిండాలు దక్కుతాయి. అనుమానం వస్తే 1-800-222-1222 విషనివారణ కేంద్రానికి ఫోను చేయండి. పిల్ల మగతగా ఉంటే 911కు.

గరాజులో కారిన మడుగును వెంటనే కడిగేయండి. తీసిన పాత కూలెంటును తాగే నీళ్ల సీసాల్లో, శీతలపానీయాల సీసాల్లో పోసి ఉంచవద్దు. మురుగు కాలవలో పోయవద్దు. పాతది తీసుకునే షాపులున్నాయి, అక్కడికి చేర్చండి.

మేము కొన్నది

ఇక అసలు సంగతి. జనవరిలో మాకు రెసిడెన్సీ ఇంకా ఐదు నెలలే మిగిలింది. జూన్ ఆఖరుకు వేరే ఊరు పోతున్నాము. కారు ఎవరికివ్వాలో అప్పటికే నిర్ణయమైంది. కాకినాడ నుంచి వస్తున్న కుర్రాడికి, భార్యతోనూ రెండేళ్ల బాబుతోనూ దిగుతున్నాడు, జులై 1న ఉద్యోగంలో చేరాలి. ఒక మిత్రుడు అన్నాడు, "ఎలాగూ ఇచ్చేసేదే కదండీ. హామీ కింద ఉచితంగా వచ్చేది పడేయండి. ఐదు నెలలు మీకు ఆడుతుంది." మేము కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి కాగితం మీద లెక్క కూడా వేశాము. ఉచితంగా వచ్చేదానితో అయితే 80 మిగలడం కాదు, 150 మిగులుతాయి.

మామగారు ఆ కాగితం చూశారు. "ఈ బండి ఎవరికిస్తున్నారు?" అని అడిగారు. చెప్పాము. "చిన్నబ్బాయి ఉన్నాడన్నారు కదూ?" అన్నారు. ఇంకేమీ అనలేదు. పాప పక్కన కూర్చుని మళ్లీ ఉయ్యాల ఊపుకుంటున్నారు. మాకు అమ్మినాయన అడగకుండానే చెప్పి తగ్గించిన 200 డాలర్లు గుర్తొచ్చాయి. మొదటి రేడియేటరుకు 70 పెట్టి మిగతాది మేము జేబులో వేసుకున్నామన్న సంగతీ గుర్తొచ్చింది.

మర్నాడు 150 పెట్టి రెండో రకం కొన్నాము. గొట్టాలు, థర్మోస్టాటు, మూత, కూలెంటు కలిపి 110. కూలీ 260. టో ట్రక్కుకు 130. మొత్తం 650. మొదటిసారి పెట్టిన 70, అప్పటి కూలీ 260 పోయినట్టే. చవకలో మిగిలిందనుకున్న 80 డాలర్లకు మేము చెల్లించిన వెల అది. ఆ రోజు హైవే మీద ఆ గుజరాతీ కుటుంబం ఆగకపోయి ఉంటే వెల డాలర్లతో పోయేది కాదు.

కొత్త రేడియేటరు వేసి నాలుగు నెలలయింది. ముల్లు సగానికి కొంచెం కింద కదలకుండా నిలబడి ఉంది. గ్లవ్‌బాక్సులో ఒక కాగితం పెట్టాము. రేడియేటరు వేసిన తేదీ, అప్పటి మైళ్లు, పార్టు నంబరు, ఏ కూలెంటు పోశామో, ఎప్పుడు మార్చాలో, మూత మీది అంకె, షాపు పేరు అన్నీ రాసి ఉన్నాయి. ఆస్పత్రిలో రోగిని ఇంకో వార్డుకు పంపేటప్పుడు కేసుషీటు వెంట పంపినట్టు. కింద ఒక వరుస అదనంగా రాశాము: హీటరు చల్లబడితే బండి ఆపు, వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దు.

వేసవిలో మన సంఘంలో చాలా కార్లు చేతులు మారతాయి. ఇచ్చేవారు అలాంటి కాగితం ఒకటి రాసి పెట్టండి. తీసుకునేవారు అడిగి తీసుకోండి. మామగారు విజయవాడ నుంచి వారం వారం ఫోను చేస్తారు. పాప కబుర్లు అయ్యాక, "బండి మరుగుతోందా అల్లుడుగారూ?" అని అడుగుతారు. లేదండీ అని చెబుతున్నాము.